ఒప్పందం కుదిరింది సరే, దాన్ని ఎందులో నిలబెట్టాలి? జీవో, చట్టం, బోర్డు, రాజ్యాంగం: ఏది దేనికి పనికొస్తుంది

దక్షిణ తెలంగాణకు ఒప్పందాలు కొత్త కాదు. 1944లో నిజాం సర్కారు, మద్రాసు సర్కారు తుంగభద్ర నీళ్ల మీద సంతకాలు పెట్టుకున్నాయి. 2015లో కృష్ణా నీళ్లను తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశ్‌కు 512 టీఎంసీలుగా తాత్కాలికంగా రాసుకున్నారు. ఈ మధ్యలో ఉద్యోగాలకో లెక్క, మిగులు నిధులకో లెక్క, మంత్రి పదవులకో లెక్క. సంతకాల రోజు ఫొటోల్లో అందరూ నవ్వుతూనే ఉంటారు. పంచాయితీ మళ్లీ మొదలయ్యేది ఆ కాయిదాన్ని బీరువాలో పెట్టినప్పుడు.

నీటి తగాదా అయినా, ఉద్యోగాల వాటా అయినా, తుపాకులు పట్టిన పోరు అయినా, రాజీ కుదిరిన మర్నాడు తేల్చుకోవాల్సింది ఒకటే: దీన్ని ఏ రూపంలో నిలబెట్టాలి? పెద్దల సంతకాలు, ప్రభుత్వ ఉత్తర్వు, చట్టం, రాజ్యాంగ సవరణ, స్వతంత్ర బోర్డు, కోర్టు అవార్డు అన్నీ చేతికి అందేవే. ఒక్కోదాని ఖరీదు వేరు, పట్టే కాలం వేరు, విరిగే చోటు వేరు. వీటిని తూచడానికి ఒక ప్రశ్న చాలు: రేపు అవతలివాళ్లు ఎగ్గొడితే, నష్టపోయిన మనిషి ఎవరి తలుపు తట్టాలి, ఆ తలుపు వెనక ఉన్నవాళ్లకు తీర్చే అధికారం ఉందా?

పెద్దమనుషుల సంతకాలు

ఒక్క రోజులో అయిపోతుంది, ఖర్చు లేదు, వేడి చల్లారుతుంది. ఇంతకు మించి ఆశిస్తే దెబ్బతింటారు.

ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒకే రాష్ట్రం కావడానికి 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందాన్ని ఒకసారి విప్పి చూడండి. తెలంగాణ వైపు బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు, ఆంధ్ర వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. బూర్గులది పాత పాలమూరు జిల్లా, షాద్‌నగర్ దగ్గరి ఊరు. సంతకాలు పెట్టినవాళ్లెవరూ అల్లాటప్పా మనుషులు కాదు, రాసిన అంశాలూ గాలి మాటలు కావు. మంత్రివర్గంలో ఆంధ్ర, తెలంగాణ 60:40, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం అయితే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం, తెలంగాణ మిగులు తెలంగాణకే, ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ, భూముల అమ్మకాలపై ప్రాంతీయ మండలి అదుపు.

మరి ఎక్కడ జారింది? 1956 నవంబర్‌లో ఏర్పడిన మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి లేరు. అడగడానికి వేదిక కూడా లేదు. సంతకం పెట్టిన ఎనిమిది మందిలో ఒకరు ముఖ్యమంత్రి అయ్యారు. మిగతావాళ్లు అదే పార్టీలో, అదే అధిష్ఠానం కింద ఉన్నారు. పార్టీలోని మనుషులు పార్టీలోని మనుషుల మీద ఎవరికి ఫిర్యాదు చేస్తారు? సంతకాల కాయిదంలో ఈ లోపం ఎప్పుడూ ఉంటుంది: హామీ ఇచ్చినవాడే తీర్పరి కూడా.

దీన్ని వాడదలిస్తే మొదటి మెట్టుగా వాడండి. 90 రోజులో 180 రోజులో గడువు రాసి, ఆలోపు గట్టి రూపంలోకి మార్చకపోతే ఇరుపక్షాలూ పాత స్థితికి వెళ్తాయన్న షరతు చేర్చండి. ఆ షరతు లేని సంతకాల వల్ల లాభపడేది బలమున్న పక్షమే.

ప్రభుత్వ ఉత్తర్వు

జీవో వచ్చిందంటే గెలిచినట్టే అనుకునే అలవాటు మనకు పోలేదు. 1985 డిసెంబర్ 30న వచ్చిన 610 జీవో సంగతి నల్లగొండ, పాలమూరు ఉద్యోగులకు వేరే చెప్పనక్కర్లేదు. స్థానికేతరులుగా వచ్చిన ఉద్యోగులను 1986 మార్చి 31 నాటికి వాళ్ల వాళ్ల జోన్లకు (నియామకాల కోసం కలిపిన జిల్లాల గుంపులకు) పంపాలన్నది అందులో ప్రధాన అంశం. గడువు పోయిన పదిహేనేళ్లకు, అది ఎందుకు అమలు కాలేదో చూడమని 2001లో గిర్‌గ్లానీ కమిషన్‌ను వేయాల్సి వచ్చింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత జీవోకు అచ్చంగా సరిపోతుంది. ఉత్తర్వు సెక్రటేరియట్‌లో పుడుతుంది, పని శాఖాధిపతి ఆఫీసులో జరగాలి. శాఖాధిపతి లెక్క పంపకపోతే ఏమవుతుందో జీవోలో ఉండదు. ఒక ప్రభుత్వం ఇచ్చిన జీవోను ఇంకో ప్రభుత్వం ఇంకో జీవోతో మార్చేయొచ్చు.

అయినా కొన్నిటికి జీవోనే సరి. ఒక్కసారితో ముగిసే పనులు దానికి నప్పుతాయి: కేసుల ఉపసంహరణ, పరిహారం విడుదల, కమిటీ నియామకం, ఫలానా సర్వే నంబర్ల కొలత. ఏళ్ల తరబడి నడవాల్సినదాన్ని జీవో మీద ఆధారపరచొద్దు.

చట్టం

ఇక్కడ జాగ్రత్త రెండు వైపులా ఉండాలి. చట్టం లేకపోవడం ఒక ప్రమాదమైతే, రాజ్యాంగం ఒప్పని చట్టం ఇంకో ప్రమాదం.

1956 హామీల్లో ఉద్యోగాల రక్షణ ఒక్కటి 1957లో పార్లమెంటు చట్టం దాకా వెళ్లింది. తెలంగాణ ప్రాంతంలో ఉద్యోగానికి ఆ ప్రాంతంలో నివాసం ఉండాలన్నారు. కానీ రాజ్యాంగం 16(3) అధికరణం రాష్ట్రంలో నివాసం గురించి మాట్లాడుతుందే తప్ప రాష్ట్రంలోని ఒక ముక్కలో నివాసం గురించి కాదు. 1969 మార్చిలో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది, అదీ తెలంగాణ రక్షణల ఉద్యమం మంటల మీదున్న నెలల్లో. పన్నెండేళ్లు గట్టిదనుకున్నది ఒక్క రోజులో పోయింది. కాబట్టి బిల్లు ముసాయిదా చేతికి రాగానే చూడాల్సింది అందులోని వాగ్దానాలను కాదు, ఏ అధికరణం కింద ఆ చట్టం చేస్తున్నారో ఆ ఒక్క వాక్యాన్ని.

చట్టంతో పాటే వచ్చే సలహా సంఘం సంగతి. 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో తెలంగాణ ప్రాంతీయ కమిటీ వచ్చింది. అందులో తెలంగాణ ఎమ్మెల్యేలు సభ్యులు, నిర్ణీత విషయాల్లో సిఫార్సు చేసే హక్కు ఉంది. దాని చేతిలో ఖజానా లేదు, లెక్కలు తీసే సిబ్బంది లేరు. ఫలితం: తెలంగాణ మిగులు నిధులు ఎంత అన్న అంకె కోసమే 1969లో వేరే కమిటీలు వేయాల్సి వచ్చింది. పదేళ్లు సంఘం నడిచినా, దేని కోసం నడుస్తోందో ఆ లెక్క దాని దగ్గర లేదు. అందుకే ఏ సంఘానికైనా సొంత ఆడిటర్, ఏటా ఫలానా తేదీకి అంకె ప్రచురించే బాధ్యత ఇవ్వకపోతే సభ్యత్వాల కోసం కొట్లాడి లాభం లేదు.

చట్టం బాగా కుదిరిన చోటు చూడాలంటే వేర్పాటు పోరు నడిచిన ఇండోనేషియాలోని ఆచే. 2005 ఆగస్టు 15న హెల్సింకిలో ఒప్పందం, మరుసటి ఏడాదే 11వ నంబరు చట్టం. నిధుల మాట గాలికి వదల్లేదు: జాతీయ సాధారణ కేటాయింపు నిధిలో 15 ఏళ్ల పాటు 2 శాతం, తర్వాత 5 ఏళ్లు 1 శాతం అని చట్టంలోనే రాశారు. 'తగినన్ని నిధులు' అని రాసి ఉంటే ఏటా బడ్జెట్ రోజున ఆచే నాయకులు జకార్తా మెట్లు ఎక్కాల్సి వచ్చేది.

అమలు తేదీ లేని చట్టం కూడా మనకు తెలిసిందే. హైదరాబాద్ కౌలుదారీ చట్టం 1950 నాటిది. సాయుధ పోరాటం నల్లగొండలో ఇంకా సాగుతుండగానే వచ్చింది. రక్షిత కౌలుదారుకు భూమి మీద యాజమాన్యం ఇచ్చే 38-ఇ సెక్షన్ తెలంగాణ అంతటా అమల్లోకి వచ్చింది మాత్రం 1973 జనవరి 1న. పోరాటం విరమించింది 1951 అక్టోబర్ 21న. ఈ మధ్యలో ఎంత భూమి చేతులు మారి ఉంటుందో ఆలోచించండి. 'ప్రభుత్వం ప్రకటించిన తేదీ నుంచి అమల్లోకి వచ్చును' అన్న మామూలు వాక్యం చేసే నష్టం అది. దాని బదులు 'అమలు తేదీ ప్రకటించకపోతే ఫలానా రోజున దానంతట అదే అమల్లోకి వచ్చును' అని పట్టుబట్టాలి.

రాజ్యాంగంలో చోటు

1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు (తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకేనన్న నిజాం కాలపు నిబంధనలు) చెల్లుతాయన్నది, దాంతో ప్రత్యేక ఆంధ్ర కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 సెప్టెంబర్ 21న రెండు ప్రాంతాల మధ్య ఆరు సూత్రాల రాజీ కుదిరింది. ఈసారి కేంద్రం పాత తప్పు చేయలేదు: 32వ సవరణతో 371-డి అధికరణం, దాని కింద 1975 రాష్ట్రపతి ఉత్తర్వు. ముల్కీ నిబంధనలు, ప్రాంతీయ కమిటీ రెండూ పోయాయి. జిల్లా స్థాయి పోస్టుల్లో 80, జోనల్‌లో 70, నిర్ణీత గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం స్థానికులకు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఆరో జోన్.

గట్టితనంలో దీనికి సాటి లేదు. రాష్ట్రం విడిపోయినా 371-డి పోలేదు. 2018లో కొత్త ఉత్తర్వు వచ్చి స్థానికుల వాటా 95 శాతమైంది, ఏడు జోన్లయ్యాయి, గద్వాల వైపు జోగులాంబ జోన్, నల్లగొండ వైపు యాదాద్రి జోన్. ఏడో తరగతి దాకా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికుడు. పాలమూరులోని ఒక పిల్లవాడి బోనఫైడ్ సర్టిఫికెట్‌లో 1973 నాటి రాజీ ఇప్పటికీ పనిచేస్తోందంటే అది రాజ్యాంగంలో చోటు దొరకడం వల్లే.

అయితే అక్కడ కూడా రెండు కన్నాలు పడ్డాయి, రెండూ ముసాయిదాలోవే.

మొదటిది తీర్పు కన్నం. 371-డి కింద పరిపాలనా ట్రిబ్యునల్ పెట్టారు. ఉద్యోగి ప్రభుత్వం మీద కేసు వేస్తాడు, ట్రిబ్యునల్ తీర్పిస్తుంది, ఆ తీర్పును ప్రభుత్వం మూడు నెలల్లో మార్చొచ్చు లేదా రద్దు చేయొచ్చు. ఓడినవాడికే తీర్పు కొట్టేసే హక్కు! 1986 చివర్లో సంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ క్లాజును కొట్టేసేదాకా అదే నడిచింది.

రెండోది మినహాయింపుల కన్నం. 1975 ఉత్తర్వు 14వ పేరాలో ఇది వేటికి వర్తించదో రాశారు. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు, వాటితో పాటు 14(ఎఫ్)లో హైదరాబాద్ నగర పోలీసు పోస్టులు. 2009 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ పేరాను పట్టుకుని పోలీసు నియామకాలకు హైదరాబాద్‌ను ఫ్రీ జోన్‌గా, అంటే స్థానిక రిజర్వేషన్ లేని చోటుగా తేల్చింది. తర్వాతి రెండు నెలల్లో ఏం జరిగిందో అందరికీ గుర్తే. 36 ఏళ్ల నాటి రాజీ మీద ఉద్యమం మళ్లీ రగలడానికి ఒక్క ఉపపేరా చాలింది. ముసాయిదా చేతికొస్తే ముందు మినహాయింపుల పేజీ చదవండి, హామీల పేజీ తర్వాత చదువుకోవచ్చు.

రాజ్యాంగం మార్గం ఎంచుకోవద్దు అనాల్సిన సందర్భం ఒకటుంది: ఇంకా కుదుటపడని అధికార పంపకం. బోస్నియాలో యుద్ధాన్ని ఆపిన 1995 డేటన్ ఒప్పందం 4వ అనుబంధమే రాజ్యాంగం అయింది. మూడు జాతులకు ముగ్గురు అధ్యక్షులు. ఆ మూడింటిలో లేని యూదులు, రోమాలు పోటీకే పనికిరారు. 2009లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు అది తప్పన్నది, కానీ మార్చాలంటే ఆ నిబంధన వల్ల లాభపడేవాళ్లే ఓటెయ్యాలి. దక్షిణాఫ్రికా దీనికి మంచి దారి చూపింది. 1993లో తాత్కాలిక రాజ్యాంగం, అందులో 34 సూత్రాలు. ఎన్నికైన సభ రాసే తుది రాజ్యాంగం ఆ సూత్రాలకు లోబడి ఉందని రాజ్యాంగ కోర్టు ధ్రువీకరించాలి. 1996 సెప్టెంబర్‌లో కోర్టు మొదటి ప్రతిని తిప్పి పంపింది, డిసెంబర్‌లో సవరించినదాన్ని ఒప్పుకుంది. రెండంచెల పద్ధతి ఆలస్యమవుతుంది, కానీ కోపం మీద రాసుకున్నది శాశ్వతం కాకుండా కాపాడుతుంది.

బోర్డు

నీళ్ల విషయంలో బోర్డు తప్ప వేరే మార్గం లేదు. కేటాయింపు ఏడాదికోసారి రాసే అంకె, నీళ్లు మాత్రం పూట పూటకూ వదలాలి. పూట పూటా జరిగే పనిని పార్లమెంటు చూడలేదు. బోర్డు పెట్టాలా వద్దా అన్నది కాదు, షట్టర్ తాళం దాని చేతికి ఇస్తున్నారా లేదా అన్నదే అడగాలి.

తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్ట చూడండి. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో మొత్తం 17.1 టీఎంసీలు, అందులో 15.9 మనకు, 1.2 కర్ణాటకకు. ఇటు 87,500 ఎకరాల ఆయకట్టు. ఆనకట్ట, హెడ్ రెగ్యులేటర్, కాలువ మొదటి 40 కిలోమీటర్లకు పైగా రాయచూరు జిల్లాలో ఉన్నాయి. తూము అక్కడ, పొలం ఇక్కడ. పూడిక తీయాలన్నా, ఆనకట్ట ఎత్తు సరిచేయాలన్నా పక్క రాష్ట్రంలో పని జరగాలి, ఇంకో రాష్ట్రం రైతులు అడ్డుపడకూడదు. కాయిదం మీద 15.9 అలాగే ఉండగా అలంపూర్ చివరి పొలాలు ఎండుతూ వచ్చాయి. చివరికి ఆ లోటు పూడ్చడానికి తుమ్మిళ్ల దగ్గర లిఫ్ట్ పెట్టాల్సి వచ్చింది. 2018లో నీళ్లు ఎత్తారు. పారకంతో రావాల్సిన నీటికి కరెంటు బిల్లు కడుతున్నాం అన్నమాట.

కృష్ణా బోర్డు ఇంకా చదవదగ్గ కేసు. 2014 విభజన చట్టం 84వ సెక్షన్ కింద అపెక్స్ కౌన్సిల్, 85 కింద బోర్డు. కౌన్సిల్ అంటే కేంద్ర జలవనరుల మంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులు. మొదటి భేటీ 2016 సెప్టెంబర్‌లో, రెండోది 2020 అక్టోబర్‌లో. నాలుగేళ్ల సందు. బోర్డు పరిధి ఏమిటో చెప్పే గెజిట్ చట్టం వచ్చిన ఏడేళ్లకు, 2021 జూలై 15న వచ్చింది. 60 రోజుల్లో ఒక్కో రాష్ట్రం 200 కోట్లు జమ చేయాలన్నారు, గడువుకు ఆ డబ్బు రాలేదు. ప్రాజెక్టులూ చేతికి ఇవ్వలేదు. ఆఫీసు, చైర్మన్, లెటర్‌హెడ్ అన్నీ ఉన్నాయి. గేటు మాత్రం ఎవరి దగ్గరుందో వాళ్ల దగ్గరే ఉంది. 2023 నవంబర్ 30న, తెలంగాణ పోలింగ్ రోజు తెల్లవారుజామున, ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ 26 గేట్లలో 13 గేట్ల దాకా తమ అధీనంలోకి తీసుకుని కుడి కాలువకు నీళ్లు వదిలారు. కేంద్రం కలగజేసుకుని డ్యామ్ మీద సీఆర్‌పీఎఫ్‌ను పెట్టింది. తొమ్మిదేళ్ల బోర్డు చేయలేని పనిని చివరికి బలగాలు చేయాల్సి వచ్చింది.

కాబట్టి బోర్డు కోరుకునేటప్పుడు చట్టంలోనే ఉండాల్సినవి: హెడ్ రెగ్యులేటర్ల పేర్ల పట్టిక, స్వాధీనం చేసే తేదీ, నీటి విడుదల సిబ్బంది జీతం బోర్డు నుంచే, నిధి ఏడాది మొదట్లోనే మినహాయించుకునే హక్కు, 60 రోజులకోసారి తప్పనిసరి సమావేశం, ఒక పక్షం రాకపోయినా కోరం చెల్లడం. చివరిది మర్చిపోతే మిగతావన్నీ దండగ, ఎందుకంటే ఇష్టం లేనివాడు చేయాల్సిందల్లా ఇంట్లో కూర్చోవడమే.

గైర్హాజరుతో సంస్థను ఆపడం ఒక్క కృష్ణా బోర్డు జబ్బు కాదు. ఉత్తర ఐర్లండ్‌లో ప్రొటెస్టెంట్, కాథలిక్ వర్గాల పోరు ఆపడానికి 1998 ఏప్రిల్ 10 ఒప్పందం, మే 22 ప్రజాభిప్రాయ సేకరణలో 71 శాతం మద్దతు. మంత్రి పదవులు సీట్ల లెక్కన పంచే సూత్రం, రెండు వర్గాల ఉమ్మడి ఆమోదం అన్నీ పకడ్బందీగా రాశారు. ఒక్కటి తప్పింది: ఇద్దరు ముఖ్య మంత్రుల్లో ఒకరు తప్పుకుంటే రెండోవారి పదవీ పోతుంది. 2017 నుంచి మూడేళ్లు, మళ్లీ 2022 నుంచి రెండేళ్లు సర్కారే లేకుండా పోయింది. అయినా తుపాకులు మళ్లీ లేవలేదు, ఎందుకంటే పోలీసు శాఖను వేరే దారిలో కుదురుగా మార్చారు: 2001 నుంచి పదేళ్లు కొత్త నియామకాల్లో సగం కాథలిక్కులకు. సభ పడిపోయినా పోలీసు నిలబడింది. అన్ని గుడ్లూ ఒకే గంపలో పెట్టకపోవడం అంటే ఇదీ.

తుపాకులు ఉన్న చోట

నల్లమల మనకు దగ్గర కాబట్టి ఈ మాట తప్పించుకోలేం. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వం, నక్సలైట్ల మధ్య నేరుగా చర్చలు జరిగాయి. పౌర కమిటీ మధ్యవర్తిత్వం బాగానే పనిచేసింది. ఆయుధాలతో ఊళ్లలోకి రావొచ్చా లేదా అన్నది తేలలేదు. ఉల్లంఘన ఎవరిదో రెండు వైపులా ఒప్పుకునే తీర్పరి లేడు. ప్రతి ఘటనకూ రెండు కథలు. 2005 జనవరికల్లా చర్చలు ముగిశాయి, ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి హత్య, రెండు రోజులకు మావోయిస్టు పార్టీపై నిషేధం.

మిజోరంలో ఇదే పని 1986 జూన్ 30 ఒప్పందంతో కుదిరింది. ఆయుధాల అప్పగింత ముందు, రాష్ట్ర హోదా తర్వాత, 371-జి రక్షణ దానితో పాటే. తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యారు, 1988లో ఫిరాయింపులతో పదవి దిగారు, 1989 ఎన్నికల్లో ఓడారు. ఆ దిగడమే ఒప్పందం సంస్థగా మారిందనడానికి గుర్తు. నల్లగొండకూ ఇలాంటి జ్ఞాపకం ఉంది. 1951లో పోరాటం విరమించిన కొద్ది నెలలకే 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి ఇక్కడి నుంచి లోక్‌సభకు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు.

ఇక్కడ ఎంపిక సలహా సూటిగా: రాజకీయ హామీ కంటే ముందు పర్యవేక్షణ బృందం. ఉల్లంఘన ఫిర్యాదు అందిన 72 గంటల్లో ఘటనాస్థలికి పోయే హక్కు, రెండు పక్షాల పేర్లు పెట్టి నివేదిక ప్రచురించే హక్కు ఆ బృందానికి ఉండాలి. ఇవి లేకుండా చర్చల టేబుల్‌కు వెళ్లడం కన్నా ఒక నెల ఆగడం మేలు.

ఊరి స్థాయికి

అన్నిటికీ ఢిల్లీ అక్కర్లేదు. రెండు ఊళ్ల మధ్య చెరువు అలుగు, శ్మశానం దారి, పంపకం తగాదా అయితే, పెద్దల సమక్షంలో రాసుకున్నదాన్ని లోక్ అదాలత్‌కు తీసుకెళ్లండి. 1987 చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. స్టాంపు కాయిదం మీద రాసుకుని తప్పితే మళ్లీ కొత్త దావా వేయాలి; అవార్డు ఉంటే నేరుగా అమలు దరఖాస్తు. ఖర్చు నామమాత్రం, బలం ఎంతో ఎక్కువ. క్రిమినల్ కేసుల్లో రాజీ పడదగినవి మాత్రమే అక్కడ తీరతాయని గుర్తుంచుకోవాలి.

ఇక రాత. ధర్నా టెంటు తీసేసే సాయంత్రం అధికారి చేతిరాతతో ఇచ్చే వాక్యం ఎలా ఉంటుందంటే: 'చివరి ఆయకట్టుకు నీరు అందునట్లు సంబంధిత అధికారులు తగు చర్యలు తీసుకొందురు.' ఇందులో మనిషి లేడు, తేదీ లేదు, అంకె లేదు. దాన్ని ఇలా మార్పించండి:

'ఫలానా డిస్ట్రిబ్యూటరీ చివరి తూము దగ్గర ప్రతి మంగళవారం పొద్దున 8 గంటలకు గేజీ రీడింగ్ తీసి, ఎగువ, దిగువ ప్రతినిధులు ఒకే పుస్తకంలో సంతకం చేస్తారు. ఒకరు రాకపోతే వచ్చినవాళ్ల రీడింగే చెల్లుతుంది. వరుసగా రెండు వారాలు రాసుకున్న మట్టం కంటే తగ్గితే మూడో రోజున ఎగువ తూములు 48 గంటలు మూస్తారు. మూయించే బాధ్యత డిప్యూటీ ఈఈది. మూయకపోతే కారణం అదే పుస్తకంలో రాసి సంతకం చేయాలి.'

పుస్తకం ఎవరి ఇంట్లో ఉండాలన్న దానికే మళ్లీ పేచీ వస్తుంది. పంచాయతీ ఆఫీసులో ఉంచి, ప్రతి మంగళవారం ఆ పేజీ ఫొటో రెండు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ పడేలా అదే ఒప్పందంలో ఒక వాక్యం చేర్చండి.